కూర్చున్న పిల్లకు అందే అర

తెలుగులో పిల్లల కోసం అచ్చయ్యే బొమ్మల పుస్తకాల్లో చాలావాటికి వెన్ను ఉండదు. పదహారు పేజీలో ఇరవై నాలుగో, మధ్యన రెండు పిన్నులు, పైన రంగుల అట్ట, అంతే. సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’ వాళ్ల చిన్న కథలు, ప్రథమ్ బుక్స్ తెలుగు పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయంలో చాలా పుస్తకాలు, అన్నిటిదీ ఇంచుమించు ఇదే కట్టు. వెల అందుబాటులో ఉండాలంటే వేరే దారి లేదు కాబట్టి ప్రచురణకర్తల్ని అనడానికేమీ లేదు. చిక్కంతా అలమార దగ్గరే. వీటిని పెద్దల నవలల్లాగా నిలువునా పక్కపక్కన పేర్చామంటే ఒక్కటీ కనబడదు. పేరు చూసి లాగడానికి వెన్నే లేదు. నలభై పుస్తకాలున్న అర పాత కాగితాల కట్టలా కనిపిస్తుంది. పైగా ఆసరా చాలక నాలుగు రోజుల్లో నడుములు వంగి కిందికి జారతాయి. పిల్ల ఒకటి లాగితే పది ఊడి పడతాయి, అమ్మ కసురుతుంది, అక్కడితో ఆ పిల్ల ఆ అర జోలికి పోదు.

ఇంకో సంగతి. మన పిల్లలు చదివేది, రాసేది, బొమ్మలు వేసేది నేల మీదే. డైనింగ్ టేబుల్ ఉన్న ఇంట్లో కూడా హోంవర్కు బండల మీద బోర్లా పడుకునే సాగుతుంది. ఆరేళ్ల పిల్ల నిలబడితే దగ్గర దగ్గర మూడడుగుల ఎనిమిది అంగుళాలు. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఆ పిల్ల కళ్లు నేలకు ఇరవై ఒకటి, ఇరవై రెండు అంగుళాల ఎత్తున ఉంటాయి. ఫర్నిచర్ షాపులో బుక్ షెల్ఫ్ బేరం చేసేటప్పుడు పాలిష్ అడుగుతాం, ప్లైవుడ్ మందం అడుగుతాం, అద్దాలు అడుగుతాం. ఈ ఇరవై రెండు అంగుళాల సంగతి మనమూ అడగం, అమ్మేవాడూ ఎత్తడు.

ఈ రెండు సంగతులూ ఎరిగి కట్టిన అర ఒకటి వికారాబాద్ జిల్లా తాండూరులో ఒక పాత ఇంటి హాల్లో ఉంది. చెక్క కాదు, ఇనుము కాదు, ఆ ఊరి నాపరాయే. గోడ వెంబడి ఆరడుగుల పొడవు. నేలకు అయిదంగుళాల పైన మొదటి బండ. దాని మీద పద్నాలుగు అంగుళాల ఖాళీ, ఇంకో బండ, పన్నెండు అంగుళాల ఖాళీ, ఆపైన కప్పు బండ. మొత్తం ఎత్తు మూడడుగులకు రెండంగుళాలు తక్కువ. రెండడుగులకోసారి ఒక నిలువు బండ. కింద మూడు గూళ్లు, పైన మూడు గూళ్లు. నగిషీ లేదు, రంగు లేదు, తలుపు లేదు. మొదటిసారి చూసినవాళ్లు ఇది ఇంకా పూర్తి కాలేదేమో, మిగతాది పైన కడతారేమో అనుకుంటారు.

కట్టిన మేస్త్రీ కూడా అట్లాగే అనుకున్నాడట. పని మొదలైన రోజు మాటల్ని ఆ ఇంటి అమ్మమ్మ నవ్వుకుంటూ చెప్పారు.

“గింత కిందికి ఎందుకమ్మా? సెల్ఫంటే మనిషి ఎత్తుకు ఉండాలె గదా. చీపురు తగుల్తది, నీళ్లు తగుల్తయి.”

“చదివే మనిషి గదే ఎత్తుంది మేస్త్రీ. ఇగో, దీన్ని కూసుండబెడ్త, సూడు.”

మనవరాలిని గోడకు ఆనించి కూర్చోబెట్టి, కళ్ల దగ్గర సుద్దతో గీత గీశారట. ఆ గీత మీదనే ఇప్పుడు నడిమి బండ ఉంది. చీపురు, నీళ్ల గురించి మేస్త్రీ అన్నది మాత్రం పొల్లుపోలేదు. మొదటి బండ నేలకు అయిదంగుళాలు లేచింది అందుకే. ఇల్లు కడిగిన నీళ్లు, తడిబట్ట విదిలింపులు ఆ ఎత్తుకు రావు, చీపురు కట్ట కిందనుంచి సాఫీగా వెళ్తుంది.

కొలతల వెనకున్న లెక్క చూడండి. కూర్చున్న పిల్ల కంటికి ఎదురుగా ఉన్నది పుస్తకం కాదు, బండ అంచు. పొరపాటున అట్లా పడింది కాదది. అంగుళం మందమున్న ఆ అంచుకు అటూ ఇటూ ఉన్న పై వరసా, కింది వరసా రెండూ ఒకే చూపులో పడతాయి. మెడ ఎత్తనక్కర్లేదు, వంగనక్కర్లేదు. అదే అంచు తూలిపడిన పిల్ల నుదుటికి కూడా ఎదురుగా ఉంటుంది. అందుకని దాన్ని పైనుంచి కిందికి అర్ధచంద్రంగా అరగదీశారు. వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు నడిపితే ఎక్కడా గీరుకోదు. రెండు పలకలు కలిసిన చోట కూడా గుండ్రం తెగకుండా సాగిపోతుంది. అతుకు పడ్డాక మళ్లీ ఒకసారి రెండిటినీ కలిపి అరగదీస్తే తప్ప అట్లా రాదు. చాలా ఇళ్లలో ఈ రెండో అరగదీత ఎగ్గొడతారు.

రాయి గురించి చెప్పకుండా ఈ పనితనం గురించి చెప్పలేం. తాండూరు నుంచి మల్కాపూర్, ఓగిపూర్, కరన్‌కోట్ వైపు వెళ్తే దారి పొడవునా నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు, వాటి వెనక గుట్టలుగా పోసిన ముక్కరాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని భీమా బేసిన్ సున్నపురాయి అంటారు. కోట్ల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రం అడుగున సన్నటి సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడిందది. పక్కన కర్ణాటకలో షాహాబాద్ దాకా ఇదే పరుపు. అందుకే ఊళ్లల్లో దీన్ని షాబాద్ బండ అనే పిలుస్తారు, తాండూరు గనిలో తీసినా సరే. గ్రానైట్‌ను రంపానికి పెడితే తప్ప పలక కాదు. నాపరాయి పుట్టడమే పలకలుగా పుట్టింది. యంత్రంతో నేల మీదే గళ్లు గళ్లుగా కోసి, పొరల సందులో గడ్డపార మొన పెట్టి తన్నితే లేచి వస్తుంది. ఒక పొర పలచన, ఇంకోటి మందం. ఏ పొర దేనికి పనికొస్తుందో గనిలో ఉన్నవాడికే తెలుస్తుంది.

నీలం, పసుపు రెండు రంగుల్లో దొరుకుతుంది. ఈ అరకు నీలం తీసుకున్నారు, మంచి పని చేశారు. నీలం అంటే ఆకాశం నీలం కాదు, తడిసిన బూడిద రంగు. ముందు పెట్టిన పిల్లల పుస్తకం అట్ట మీద ఎరుపో పసుపో ఏదున్నా దాని పక్కన దివ్యంగా లేస్తుంది. ఈ మధ్య పిల్లల గదుల కోసం అమ్మే గులాబీ, ఆకుపచ్చ షెల్ఫులతో నాకున్న పేచీ ఇదే. అక్కడ అలమారే పిల్లను పిలుస్తుంది, పుస్తకం దాని వెనక పడిపోతుంది.

నాపరాయికి ఒక దుర్గుణం ఉంది. పైన ఎంత బరువు మోపినా నలగదు, వంచితే మాత్రం ఓర్చుకోదు. చెక్క అయితే బరువుకు మెల్లగా నడుం జారవిడిచి ముందే సంగతి చెబుతుంది. రాయి చెప్పదు, ఒకనాడు ఠప్పున రెండవుతుంది. రెండు కొసల్లో ఆధారమున్న బండ మీద ఒకే తీరున బరువు పరిస్తే, ఆధారాల మధ్య దూరం రెట్టింపయినప్పుడు బండ లోపలి వంపు ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. నాలుగడుగుల బండను కొసల మీద నిలిపి పుస్తకాలు నింపడం అందుకే దుస్సాహసం. ఈ అరలో రెండడుగులకోసారి నిలువు బండ నిలబడింది ఈ లెక్క మీదే. ఆ నిలువు బండలు రెండంగుళాల మందం. అడ్డ బండలు మాత్రం అంగుళమే. నిలువు బండ కూడా అంగుళమే అయితే దాని మీద కలిసే రెండు పలకలకూ చెరి అరంగుళం ఆధారమే దక్కేది. రెండంగుళాలు కాబట్టి చెరొక అంగుళం. దానికి తోడు ప్రతి పలక వెనక అంచు పొడవునా గోడలోకి మూడంగుళాలు దిగింది. పైకి రెండు వైపుల ఆధారంలా కనిపించినా నిజానికి బండను మూడు వైపులా పట్టుకున్నారు.

గోడలోకి మూడంగుళాలు దించడం ఈ ఇంట్లో చెల్లింది, ప్రతి ఇంట్లో చెల్లదు. ఇది పాత ఇల్లు, గోడ ఒకటిన్నర అడుగుల రాతి గోడ. అడ్డంగా కొట్టే గాడి గోడ మందంలో ఆరో వంతు మించకూడదన్నది కట్టడంలో పాటించే నియమం. పద్దెనిమిది అంగుళాల్లో మూడంటే సరిగ్గా ఆరో వంతు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో ఒకటిన్నరే దించాలి. కొత్త ఇళ్ల నాలుగున్నర అంగుళాల అడ్డగోడకైతే గాడి మాటే ఎత్తకూడదు, అక్కడ నిలువు బండలే బరువంతా మోయాలి. మేస్త్రీ కట్టర్ మిషన్ ఆన్ చేయకముందే ఇది తేల్చుకోవాలి.

ఇంకో తెలివి సరుకు కొనడంలో ఉంది. రెండడుగుల చదరపు ఫ్లోరింగ్ బండ ఎప్పుడూ దొరికే సరుకు. దాన్ని నడిమికి కోస్తే అడుగు వెడల్పు, రెండడుగుల పొడవున్న రెండు పలకలొస్తాయి. మూడు వరసలకు మూడేసి చొప్పున తొమ్మిది పలకలు కావాలి, అంటే అయిదు బండలు చాలు. ఆరడుగుల ఏకబండ కోసం గనికి ఆర్డరివ్వనక్కర్లేదు. అంగుళం మందం నాపరాయి చదరపు అడుగుకు ఆరు కిలోల పైచిలుకు తూగుతుంది. ఒక్కో పలక పన్నెండు కిలోలన్న మాట. మేస్త్రీ ఒక్కడే ఎత్తి గాడిలో కూర్చోబెట్టి, సిమెంటు బిగిసేలోగా నింపాదిగా సర్దుకోగలడు. నిలువు బండలకు యూనిట్ల వెనక పడేసిన మందపు ముక్కలే వాడారు. పద్నాలుగు అంగుళాల ముక్కలు అక్కడ కోకొల్లలు.

పలకలు ఏరేటప్పుడు మేస్త్రీ ప్రతిదాన్నీ నిలబెట్టి వేలి కణుపుతో కొట్టి విన్నాడట. కంగుమని పలికితే సరుకు. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పొర విడిచి ఉంటుంది. దాన్ని నేలకు వాడుకోవచ్చు, బరువు మోసే అరకు వాడకూడదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది కంటికి ఆనేది కాదు. నడిమి బండ మీద రసమట్టం పెట్టి చూస్తే బుడగ సరిగ్గా మధ్యన ఆగదు, ముందువైపుకి రవ్వంత జరుగుతుంది. అంటే బండ వెనక్కి వాలి ఉంది. కావాలనే వాల్చారు. అడుగు వెడల్పుకు నూలు పోగంత వాలు. పుస్తకాలు ముందుకు జారకుండా ఆ వాలే ఆపుతుంది. బండ పై ముఖానికి అద్దంలా పాలిష్ పట్టించనిదీ అందుకే. ముందు అంచు నున్నగా మెరుస్తుంది, లోపలి ముఖం చేతికి కొంచెం గరుకుగా తగులుతుంది. నునుపైన అట్ట నునుపైన రాయి మీద నిలవదని పాలిష్ యూనిట్లో పనిచేసిన వాడికి వేరే చెప్పాలా?

గోడ బయటికి వచ్చిన బండ వెడల్పు తొమ్మిది అంగుళాలు. క్రౌన్ నాలుగో సైజు పుస్తకం ఏడుంపావు వెడల్పు, తొమ్మిదిన్నర ఎత్తు. వెనక రెండు వేళ్ల సందు మిగులుతుంది. గాలి ఆడటానికి, ఇంకా ముఖ్యంగా చెదలు కనిపించడానికి ఆ సందు. చెద రాయిని తొలచలేదు, రాయి మీదుగా మట్టి బాట కట్టుకునే రావాలి. వెనక చెక్క పలక బిగిస్తే ఆ బాట పుస్తకం తినేశాక గానీ బయటపడదు. ఇక్కడ వెనక ఉన్నది సున్నం కొట్టిన గోడే. గోధుమ రంగు గీత ఒక్కటి పాకినా పట్టపగలు తెలిసిపోతుంది.

ఇప్పుడు వెన్నులేని పుస్తకాల సంగతి. కప్పు బండ మీద గోడకు మూడంగుళాల దూరంలో ఒకటిన్నర అంగుళాల ఎత్తున్న సన్నటి రాతి పట్టీ ఒకటి పొడవునా అతికించారు. పుస్తకం వీపు గోడకు, పాదం పట్టీకి ఆనుతుంది, అట్ట మన వైపు చూస్తుంది. ఆరడుగుల్లో తొమ్మిదో పదో పుస్తకాలు పడతాయి. పట్టీ ముందు మరో ఆరంగుళాల బండ ఖాళీగా మిగులుతుంది. తీసిన పుస్తకాన్ని క్షణం ఆనించి రెండు పేజీలు తిప్పి చూసుకోవడానికి ఆ జాగా. నిలబడ్డ ఆరేళ్ల పిల్ల కళ్లకు ఆ అట్టలు సూటిగా ఎదురవుతాయి. కింది గూళ్లలో చిన్న చెక్క డబ్బాలు పెట్టి, పిన్ను పుస్తకాలన్నీ వాటిలో అట్ట ముందుకుండేలా ఒకదాని వెనక ఒకటి నిలబెట్టారు. కూర్చున్న పిల్ల వేలితో ఒక్కోటీ తన వైపు వంచుకుంటూ చూస్తుంది. వెన్నున్న పుస్తకాలకు పై గూళ్లు. ఇంతకన్నా వర్గీకరణ ఏమీ లేదు, పెట్టనక్కర్లేదు కూడా.

దీని పక్కన ప్రపంచమంతా కొనే అలమారను నిలిపి చూద్దాం. స్వీడన్ కంపెనీ ఐకియా 1979లో తెచ్చిన ‘బిల్లీ’ బుక్‌కేస్ ఎనభై సెంటీమీటర్ల వెడల్పు, ఇరవై ఎనిమిది లోతు, రెండు వందల రెండు ఎత్తు. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఆ కంపెనీ దేశంలోనే మొదటి దుకాణం తెరిచాక వికారాబాద్ ఇళ్లకూ ఆ తరహా ఫర్నిచర్ వస్తోంది. బిల్లీ మంచి వస్తువే, దాన్ని గీసినవాడు తెలివైనవాడే. కానీ ఆరడుగుల ఏడున్నర అంగుళాల ఆ బీరువాలో ఆరేళ్ల పిల్లకు అందేది కింది సగమే, ఆ సగంలోనూ వెన్నులేని పుస్తకం దాక్కుంటుంది. ఎత్తు సామాను మీదికి పిల్లలు ఎక్కుతారు, అది ముందుకు పడుతుంది. ఇట్లాంటి ప్రమాదాల్లో పిల్లలు చనిపోయాక 2016 జూన్‌లో అమెరికాలో ఆ కంపెనీయే దాదాపు 2.9 కోట్ల సొరుగుల బల్లల్ని వెనక్కి పిలిచింది. అవి పుస్తకాల అలమారలు కావు గానీ పడే తీరు ఒకటే. కాబట్టి ఎత్తు అలమార ఏది కొన్నా గోడకు స్క్రూలతో బిగించాల్సిందే. గోడలోనుంచి పుట్టుకొచ్చిన మూడడుగుల రాతి అరకు ఆ బెంగ లేదు.

పిల్లల ఎత్తుకు దించిన అరలు తాండూరు కనిపెట్టిన వింతేమీ కాదు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పెట్టిన బడిలోనే సామాను పిల్లల చేతికందే పొట్టి అల్మరాల్లో ఉండాలన్నది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం ముగిసేదాకా ఈ దేశంలోనే ఉండి వందలమంది ఉపాధ్యాయులకు అదే నేర్పింది. అరలు తెరిచి ఉంచాలన్న మాటను మనవాడు, గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ ఇంకా గట్టిగా చెప్పాడు. 1931లో వచ్చిన ఆయన పంచసూత్రాల్లో మొదటిది, పుస్తకాలు వాడకానికే అన్నది. ఒకప్పటి ఐరోపాలో పుస్తకాల్ని గొలుసులతో కట్టేసిన రోజుల నుంచి మొదలుపెట్టి, మామూలు ఎత్తు మనిషి ఒట్టి నేల మీద నిలబడి అందుకోగలిగినంత మించి బీరువా ఉండకూడదనే దాకా ఆయన ఆ ఒక్క సూత్రం నుంచే పిండాడు. ‘మనిషి’ ఉన్న చోట ‘పిల్ల’ అని పెట్టుకుంటే అమ్మమ్మ సుద్ద గీత దగ్గరకే వస్తాం.

గొలుసులు పోయాయి గానీ తాళాలు పోలేదు. బళ్లో పిల్లల పుస్తకాలు ఇనప బీరువాలో, బీరువా హెడ్మాస్టరు గదిలో, తాళంచెవి ఇంకెవరి దగ్గరో ఉండటం మనకు కొత్త కాదు. అది ఒట్టి బద్ధకం కాదు, భయం. రిజిస్టర్లో రాసిన పుస్తకం తక్కువైతే ఎవరు కట్టుకోవాలి? ఈ భయానికి ఒక జవాబు కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల్లోనే ఉంది. 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 215వ నియమం ప్రకారం, ఏడాదిలో ఇచ్చిన లేదా చదివిన వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమైన నష్టమే, అజాగ్రత్తో మోసమో కారణం కానంతవరకు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో అరుదైనదో పోతే మాత్రం విచారించాలి. అది కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించేదే, మన మండల పరిషత్ బడికి నేరుగా వర్తించదు. అయినా లెక్కలు రాసే పెద్దలే వెయ్యికి ఐదు వదులుకున్నారంటే, పాతిక రూపాయల పిన్ను పుస్తకానికి తాళం వేయడం మరీ చోద్యం.

ఇళ్లలో ఈ తాళానికి బదులు షోకేసు ఉంది. టీవీ పైన జరుపుడు అద్దాల షోకేసు, అందులో కప్పులు, బొమ్మలు, తిరుపతి లడ్డూ డబ్బా, ఆ మూల నాలుగు పుస్తకాలు. తాండూరు వాళ్లకు అద్దం పెట్టుకోవడానికి ఒక న్యాయమైన కారణం ఉంది, రాతి పొడి. పాలిష్ యూనిట్ల వైపు గాలి మళ్లిందంటే ఇంట్లో ప్రతి వస్తువు మీద తెల్లటి పొర. అయినా సరే అద్దం వద్దనే నేనంటాను. పొడి గుడ్డతో తుడిస్తే పోయేదాని కోసం పిల్లకూ పుస్తకానికీ మధ్య గాజు తలుపు నిలపడం దండగ. ఆ ఇంట్లో వారానికోసారి తుడుస్తారు, ఆ పని మనవరాలిదే. తుడుస్తూ తుడుస్తూ మధ్యలో కూర్చుండిపోతుందని వాళ్లమ్మ ఫిర్యాదు.

అరను ఏ గోడకు కట్టాలన్నది రాయంత ముఖ్యం. ఈ ఇంట్లో వీధి తలుపుకూ వంటింటికీ నడుమ, అమ్మమ్మ మంచం ఎదుట కట్టారు. పిల్ల రోజంతా తిరిగే దారి అది. పిల్లల గదిలో పెట్టమన్న సలహా వచ్చిందట. ఆ గదికి పిల్ల వెళ్లేది పడుకోవడానికే గదా అని కొట్టిపారేశారు. టీవీ ఉన్న గోడ మీద కాకుండా, కూర్చుంటే టీవీకి వీపు పడే వైపు ఎంచుకున్నారు. కిటికీ పక్క గోడకు ఉంది, వెలుతురు పక్కనుంచి వస్తుంది, ఎండ నేరుగా పుస్తకాల మీద పడదు. ఎండ పడితే అట్టల్లో ముందు ఎరుపు పోతుంది, తర్వాత పసుపు. అర ముందు నాలుగడుగుల నేల ఖాళీగా వదిలి చాప పరిచారు. నాపరాయి నేల ఏప్రిల్, మే నెలల్లో హాయిగా ఉంటుంది, డిసెంబర్లో మాత్రం చాప లేకుండా కూర్చోలేం.

వికారాబాద్‌లో కట్టేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అనంతగిరి కొండల పక్కన తాండూరు కన్నా తేమ ఎక్కువ. వాన జల్లు కొట్టే బయటి గోడకు ఈ అర కట్టారంటే శ్రావణంలో పుస్తకాలకు బూజు ఖాయం. లోపలి గోడే ఎంచుకోవాలి. ఇక ఈ రాయి ఎక్కడిదైనా సున్నపురాయే కాబట్టి పులుపు పడదు. బాత్‌రూం కడిగే యాసిడ్ చుక్క పడినా, నిమ్మకాయ చెక్క పెట్టి మరిచిపోయినా మెరుపు పోయి తెల్లటి మచ్చ తేలుతుంది. నీళ్లు, మెత్తటి సబ్బు చాలు.

ఇంట్లో ఎన్ని పుస్తకాలుండాలి? ఎవాన్స్, కెల్లీ, సికోరా, ట్రీమన్ అనే పరిశోధకులు 2010లో 27 దేశాల లెక్కలు తీసి, ఐదువందల పుస్తకాలున్న ఇంటి పిల్లలు పుస్తకాల్లేని ఇంటి పిల్లలకన్నా సుమారు మూడేళ్లు ఎక్కువ చదువుతున్నారన్నారు. తల్లిదండ్రుల చదువును, ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా నిలిచిందట. పుస్తకాలు పోగేసే ఇంటికి వేరే అలవాట్లూ ఉంటాయి కాబట్టి ఐదువందలు కొని పడేస్తే మూడేళ్లు వస్తాయని నేను నమ్మను. తాండూరు అరలో నూటయాభైకి మించి పట్టవు. పైన తొమ్మిదిని అమ్మమ్మ వారం వారం మారుస్తారు. డబ్బాలో అడుగున ఎవరూ తాకని పుస్తకం పైకెక్కి అట్ట చూపించిన వారంలోనే అరిగిపోతుందని ఆమె అనుభవం.

ఈ అరలో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఏ4 సైజు అడ్డం పుస్తకాలు తొమ్మిదంగుళాల లోతులో పట్టక మూడంగుళాలు బయటికి పొడుచుకొస్తాయి. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లో ఆ సైజు మామూలే, బండను పన్నెండు అంగుళాలు బయటికి తేవలసింది. కప్పు బండ మీది పట్టీని మూడు ముక్కలుగా అతికించారు, ఆ అతుకులు కింది పలకల అతుకుల మీదే పడ్డాయి. ఇటుక పనిలో అట్లా చేస్తే మేస్త్రీయే ఒప్పుకోడు. పిల్ల పదేళ్లది అయ్యాక కంటి గీత మారుతుంది, రాయి మారదు. అప్పటికి తమ్ముడు వస్తాడు లెమ్మని ఆ ఇంటివాళ్లు ధైర్యంగా ఉన్నారు.

కిరాయి ఇంట్లో గోడ ముట్టుకునే వీల్లేనివాళ్లకు ఇదే అరను సగం ఎత్తుకు దించి చెప్పవచ్చు. రెండంగుళాల మందపు ముక్కల మీద కింది వరస, పద్నాలుగు అంగుళాల పైన ఇంకో వరస, అక్కడితో ఆపాలి. నాలుగడుగుల పొడవు చాలు. గాడి లేదు కాబట్టి వెనక అంచుకు గోడ ఆసరా దొరకదు, అడుగు వెడల్పున్న నిలువు బండలే ఆసరా. కలిసే చోటల్లా సిలికాన్ పెట్టి అతికించాలి. పన్నెండు కిలోల పలకను వదులుగా ఉంచితే పిల్లలు లాగకుండా ఉండరు. సిలికాన్ అయితే ఖాళీ చేసేరోజు బ్లేడుతో కోసి విడదీయొచ్చు. నాలుగు పలకలు, ఆరు నిలువు ముక్కలు, అన్నీ కలిపినా ఒక ట్రాలీ ఆటో మూలకు సరిపోయే సామానే.